ఎఫ్రాయిము బిడ్డల చదువు

ఒక సమాజము నిజముగా బ్రతికియున్నదా, లేక దాని పేరు మాత్రమే మిగిలియున్నదా అని తెలిసికొనవలెనన్నచో, దాని ఆలయపు గోడలను కొలువనక్కరలేదు. దాని పిల్లలకు సాయంకాలమున నాలుగు అక్షరములు చెప్పువారు ఉన్నారా, లేరా అని విచారించిన చాలును. నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్న విషయము మన గుంటూరు మండలములోనిదే యైనను, మనలో పెక్కురకు తెలియనిది. చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమను పల్లెలో తమ్ము యూదులుగా చెప్పుకొను తెలుగు కుటుంబములు కొన్ని కలవు. ఆ సమాజమునకు బెనె ఎఫ్రాయిము అని పేరు. హెబ్రీ భాషలో ఆ మాటకు ఎఫ్రాయిము కుమారులని అర్థము. వారు ఎవరు, వారి ప్రార్థనామందిరము ఎట్లు బడి యైనది, కళాశాలకు పోవు వారి బిడ్డలకు ఎదురగు చిక్కులెవ్వి, ఇరుగుపొరుగువారమైన మన కర్తవ్యమేమి అను సంగతులను క్రమముగా మనవి చేసెదను.

గుంటూరునుండి పొన్నూరు పోవు బాటలో చేబ్రోలు ఉన్నది. అచ్చటి భీమేశ్వరాలయమును, రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడిని మీలో చాలమంది దర్శించియే యుందురు. బౌద్ధులు, జైనులు, శైవులు ఒకరి వెనుక నొకరు వచ్చి తమ గురుతులను విడిచిన నేల యది. అట్టి నేలమీద ఇరువదవ శతాబ్దపు కడపటి భాగమున మరియొక మతము తలయెత్తినదన్నచో వింతపడ నక్కరలేదు. వింతయగునది యేమనగా, అది యే రాజాశ్రయమునను, యే సంపన్నుని దానమునను పుట్టినది కాదు. పొలముపనులకు కూలికిపోవు మాదిగ కుటుంబముల నడుమ పుట్టినది.

ఈ కథ తెలియవలెనన్నచో నూటయేబది యేండ్లకు పైగా వెనుకకు పోవలెను. అమెరికానుండి వచ్చిన లూథరన్ మతగురువు హయ్యరు 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరెను. ఆ సంఘమువారు పాఠశాలలు పెట్టిరి. 1885లో కళాశాలయు నెలకొల్పిరి. నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల అదియే. దక్షిణమున ఒంగోలులో బాప్టిస్టు సంఘపు క్లౌ దొర పనిచేసెను. తాళ్లకొండపాటి యెర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగ పెద్దలు ఆయనకు ముందు నడచి పల్లెపల్లెను త్రొక్కిరి. 1876 మొదలు 1878 వరకు దేశమును దహించిన ధాత కరవులో క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపెను. గంజికొరకు మతములో చేరిరను మాట రాకూడదని కరవు సాయము సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. వారిలో అధికసంఖ్యాకులు మాదిగలే.

మత మేదైనను, ఆనాడు పల్లెలకు వచ్చినవాటిలో అన్నిటికంటె గొప్పది చదువు. తోలు పదును పెట్టుటయు, చెప్పులును కపిల బొక్కెనలును కుట్టుటయు, డప్పు వాయించుటయు మాత్రమే తమ వ్రాతయని తలంచిన కుటుంబములలో తొలి తరము బిడ్డ పలక పట్టెను. పగలు కూలికి పోయిన పిల్లలకు రాత్రి దీపముక్రింద పంతులు అక్షరములు దిద్దించెను. ఆ పంతులే ఆదివారము ప్రార్థన నడపెను. బడియు గుడియు ఒక్క కప్పుక్రిందనే యుండెను. చదువుకొనుటకు మొదటి గ్రంథము తెలుగు బైబిలు. అందలి పాతనిబంధనలో అబ్రాహాము, మోషే, దావీదు మొదలగువారి కథలు, ఐగుప్తు దాస్యమునుండి ఒక జాతి విడుదలయైన వృత్తాంతము ఉన్నవి. వెట్టిచాకిరి చేసిన కులమువారికి ఆ వృత్తాంతము ఎంతగా మనసునకు నాటినదో మనము ఊహింపగలము. అయినను క్రైస్తవులైనంత మాత్రమున ఊరిలో వారి స్థానము పూర్తిగా మారలేదు. ఊరికి వెలుపలి పేట పేటగానే యుండెను. కొన్నిచోట్ల చర్చిలలో సైతము మాలలు ఒక ప్రక్కను, మాదిగలు ఒక ప్రక్కను కూర్చుండిరి.

ఈ నేపథ్యమునుండి వచ్చినవారే శ్మూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సోదరులు. క్రైస్తవ బోధకులుగా పనిచేసిన కుటుంబము వారిది. శ్మూయేలు 1980 తరువాతి దశకపు తొలి యేండ్లలో యెరూషలేము దర్శించి వచ్చెను. తమ పూర్వులు ఇశ్రాయేలు జాతిలో తప్పిపోయిన పది గోత్రములలో ఒకటియగు ఎఫ్రాయిము గోత్రమువారనియు, పడమటి దేశములగుండా శతాబ్దములు సంచరించి తెలుగు దేశము చేరిరనియు, క్రమముగా తమ ఆచారములను మరచి అంటరాని కులముగా ఎంచబడిరనియు ఆయన వాదము. ఈ వాదమును 2002లో ఒక పెద్ద ఆంగ్ల గ్రంథముగా ప్రకటించెను. 1980 తరువాతి దశకము ముగియుచుండగా సోదరు లిరువురును, వారిని అనుసరించిన కుటుంబములును బహిరంగముగా యూదాచారములను పాటింప నారంభించిరి. 1990 తరువాతి దశకపు ఆరంభమున కొత్తరెడ్డిపాలెములో చిన్న సమాజమందిరము వెలసెను. బందరు వైపునను కొన్ని కుటుంబములు ఈ మార్గమున నడచినవి.

వంశవృత్తాంతమును గూర్చి చరిత్రకారుని మాటగా ఒక్కటి చెప్పవలసియున్నది. ఎఫ్రాయిము గోత్రమువారు తెలుగు దేశము చేరిరనుటకు శాసనము గాని, ప్రాచీన లేఖ గాని దొరకలేదు. ఇది ఆ కుటుంబముల నోట నిలిచిన సంప్రదాయము, వారి విశ్వాసము. అట్లని దీనిని నవ్వి త్రోసివేయుట తగదు. మన దేశమున ఎన్ని కులములు తమ మూలపురుషుని ఋషులలోను రాజులలోను వెదకికొనలేదు? కైఫీయతులు తిరుగవేసినచో ఊరూరను అట్టి కథలే. ఈ సమాజమును దగ్గరనుండి పరిశీలించిన యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పండితులు 2013లో ఆంధ్రదేశపు యూదులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. కులము, మతము అను రెండు తాళ్ల ముడి నడుమ ఈ ప్రజలు తమ గౌరవమును ఎట్లు వెదకికొనిరో అందు వివరింపబడినది. నా మట్టుకు నేను చెప్పునది యిది: వంశము నిన్నటి సంగతి, దానిని రుజువు చేయుట ఎవరి చేతిలోను లేదు. బిడ్డలకు ఏమి నేర్పుదుమను సంగతి నేటిది. అది వారి చేతిలో నున్నది.

ఈ మాట యూదుల చరిత్రకే సరిపోవునది. క్రీ. శ. 70వ సంవత్సరమున రోమనుల సేనలు యెరూషలేమును పట్టి దేవాలయమును తగులబెట్టెను. బలిపీఠము పోయెను, యాజకుల కొలువు పోయెను. అప్పుడు యోహానాన్ బెన్ జక్కాయి అను గురువు సముద్రతీరమునకు దగ్గరనున్న యబ్నె అను పట్టణమున శిష్యులను కూర్చి ధర్మశాస్త్రమును చెప్పసాగెను. రాజ్యము లేక, ఆలయము లేక ఆ జాతి పందొమ్మిది శతాబ్దములు నిలిచినదన్నచో అట్టి పాఠశాలల బలముచేతనే. దేవాలయము కూలుటకు కొలది కాలము ముందు ప్రధానయాజకుడై యుండిన యెహోషువ బెన్ గమ్లా ప్రతి పట్టణమునను ఉపాధ్యాయులను నియమించి, ఆరేడేండ్ల పిల్లలను బడిలో చేర్పవలెనని కట్టడి చేసినట్లు తల్ముదు అను వారి గ్రంథము చెప్పుచున్నది. ఒక గురువునకు 25 మంది పిల్లలకు మించరాదనియు, 40 మంది యున్నచో సహాయకుని ఏర్పరుపవలెననియు ఆ ప్రకరణముననే ఉన్నది. మన బడులలో ఒక్క ఉపాధ్యాయుని ముందు ఎందరు పిల్లలు కూర్చుండుదురో యెరిగిన పెద్దలకు ఈ లెక్క విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

వారి పండుగలు సైతము పాఠములే. పస్కా పండుగ రాత్రి భోజనమునకు కూర్చుండగనే, ఇంటిలో అందరికంటె చిన్న బిడ్డ ప్రశ్న లడుగవలెను: ఈ రాత్రి తక్కిన రాత్రులకు భిన్నమగుట యెందువలన, పులియని రొట్టె యెందుకు, చేదు ఆకు యెందుకు అని. పెద్దలు ఐగుప్తు దాస్యపు కథ చెప్పి బదులీయవలెను. మనము ఉగాదినాడు వేపపువ్వు కలిపిన పచ్చడి నోట పెట్టుకొని సంవత్సరపు కష్టసుఖములను తలచుకొనునట్లు, వారు ఆ చేదును నమలి తమ పూర్వుల కష్టమును తలచుకొందురు. బిడ్డ అడుగనిదే కథ మొదలుకాదు. తరువాతి తరమునకు ధర్మము నందించుట వారికి వేరుగా పెట్టుకొన్న పని కాదు. భోజనపు బల్లపైననే జరుగు పని.

కొత్తరెడ్డిపాలెములో జరిగినదియు ఇదియే. ఆ చిన్న మందిరమున శుక్రవారము ప్రొద్దు గ్రుంకగనే విశ్రాంతి దినము ఆరంభమగును. శనివారమున కూడికయు ప్రార్థనయు జరుగును. వానితోపాటు పిల్లలకు హెబ్రీ అక్షరములు నేర్పుట మొదలుపెట్టిరి. ఆ లిపికి 22 అక్షరములు. వ్రాత కుడినుండి యెడమకు సాగును. అయిదు పదులకు మించిన తెలుగు వర్ణమాల నేర్చిన బిడ్డకు అది భారము కాదు. కాని తలిదండ్రులలో చాలమంది నిరక్షరులు. తండ్రి చదువలేని ప్రార్థనను కొడుకు చదివి వినిపించుట, తల్లికి తెలియని దీవెన మాటను కూతురు నేర్పుట ఈ పల్లెయందలి విశేషము. సాధారణముగా ధర్మము పెద్దలనుండి పిల్లలకు దిగును. ఇచ్చట అది పిల్లలనుండి పెద్దలకు ఎక్కినది. కావున ఆ పిల్లలు చదువు విడిచినచో, ఊరు విడిచినచో, ఈ సమాజమునకు నిలుచు కంబము లేదు.

పంచాంగ మెరిగిన పెద్దలకు ఇంకొక సంగతి ప్రీతి కలిగించును. యూదుల కాలగణన మనదానివలెనే చంద్రునిబట్టి నెలలును, సూర్యునిబట్టి సంవత్సరమును కలిపి నడచునది. పందొమ్మిది సంవత్సరములలో ఏడు అధికమాసములను వారును చేర్చుకొందురు. అందుచేత పస్కా పండుగ సాధారణముగా మన చైత్ర పౌర్ణమికో, ఒక్కొక్కయేడు ఫాల్గుణ పౌర్ణమికో వచ్చును. అది మన మిరపచేలలో కోతలును, కల్లములలో ఆరబెట్టుటయు, గుంటూరు యార్డునకు బస్తాలు తోలుటయు ముమ్మరముగా జరుగు కాలము. కూలి గట్టిగా దొరకు దినములు అవియే. శనివారమును, పండుగ దినమును విడిచినవాడు ఆనాటి కూలిని విడుచును. ధనికుని విశ్రాంతి దినమునకు ఖర్చు లేదు. కూలివాని విశ్రాంతి దినమునకు కుండలోని బియ్యమే ఖర్చు. ఇట్టి కట్టుబాటును పాటించుమని బిడ్డకు చెప్పు తల్లి ఎంత త్యాగము చేయుచున్నదో గ్రహింపవలెను.

మన దేశమున ఈ దారి నడచినవారు పూర్వమును ఉన్నారు. బొంబాయికి దక్షిణమున కొంకణ తీరమున బెనె ఇశ్రాయేలు అను యూదులు శతాబ్దములపాటు గానుగలాడించి నూనె తీసి బ్రతికిరి. శనివారమున గానుగ కట్టనందున ఇరుగుపొరుగు మరాటీవారు వారిని శనివారపు తెలికలవారని పిలిచిరి. ధర్మశాస్త్రపు పొత్తము వారియొద్ద లేదు. హెబ్రీ భాష మరచిరి. కాని గానుగ ఆగెడు ఆ ఒక్క దినము వారిని నిలిపినది. పిమ్మట కొచ్చిన్‌నుండి వచ్చిన యూదు బోధకులు వారికి ప్రార్థనలు నేర్పిరి. 1796లో బొంబాయిలో వారి తొలి సమాజమందిరమును సామ్యూల్ ఎజెకియల్ దివేకర్ కట్టించెను. క్రైస్తవ మతప్రచారకుడు జాన్ విల్సన్ వారికి హెబ్రీ నేర్పగా, వారు భాషను గ్రహించి మతమును మాత్రము మార్చుకొనలేదు. 1875లో హయీం సామ్యూల్ కెహిమ్కర్ తన తోడివారితో కలిసి బొంబాయిలో ఇశ్రాయేలు పాఠశాలను స్థాపించెను. ఆ బడిలో హెబ్రీయు, మరాటీయు, ఆంగ్లమును కలిసి నడచెను. అచ్చట చదివినవారి సంతతినుండి గుమాస్తాలు, వైద్యులు, న్యాయవాదులు, అధ్యాపకులు బయలుదేరిరి.

ఇంత ప్రాచీనమైన సమాజమునకు సైతము గుర్తింపు సులభముగా రాలేదు. ఇశ్రాయేలు దేశమునకు పోయిన పిమ్మట, వివాహము చేయుటకు ముందు వీరి వంశమును విచారింపవలెనని అచ్చటి మతాధికారులు 1960 తరువాత ఉత్తరువు చేసిరి. దానిపై వారు పెద్ద ఆందోళన సలిపిరి. 1964లో ఆ దేశపు ప్రభుత్వము వారు అన్ని విధముల యూదులేయని ప్రకటింపవలసి వచ్చెను. మణిపురము, మిజోరములలోని బెనె మెనాషె వారికి 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలలో ఒకరు గుర్తింపు నిచ్చిరి. మన ఎఫ్రాయిమువారికి సమాజముగా అట్టి గుర్తింపు రాలేదు. పరదేశపు యూదులు కొందరు మాత్రము స్నేహహస్తము చాచిరి. 1994లో అమెరికాలో ఏర్పడిన కులాను అను సంఘము ఇట్టి దూరపు సమాజములకు పుస్తకములును బోధకులను పంపుటకు పూనుకొని, ఈ పల్లెకును తోడ్పడెను. కులాను అనగా హెబ్రీలో మన మందరము అని అర్థము.

ఇక కళాశాల దశకు వత్తము. పల్లెలో మందిరమున్నంతవరకు బిడ్డకు తోడున్నది. పదునారేండ్లకు గుంటూరికో, తెనాలికో, ఆవలి పట్టణములకో చదువునకు పోయినప్పుడు ఆ తోడు తెగును. వసతిగృహములో అతని తోడివారెవ్వరును శుక్రవారము సాయంకాలమున దీపము పెట్టరు. శనివారము తరగతి యున్నది, ఒక్కొక్కప్పుడు పరీక్షయు నున్నది. విశ్రాంతి దినమున కలము పట్టి వ్రాయరాదని శాస్త్రము. మాంసముతో పాలపదార్థమును కలిపి భుజింపరాదని మరియొక నియమము. కోడికూర తిన్న తెలుగు పిల్లవానికి కడపట పెరుగన్నము వలదనుట ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. తోడివారు అడుగు ప్రశ్నలకు బదులు చెప్పలేక, చెప్పినను నమ్మించలేక, క్రమముగా ఊరకుండుట అలవాటగును. సమాజములు చెడునది శత్రువుల వలన మాత్రమే కాదు. ఇట్టి మౌనమువలనను చెడును.

ఈ సంగతిని మొదట చక్కగా కనిపెట్టిన చోటు అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయము. అచ్చట బైబిలు సాహిత్యము బోధించుచుండిన ఎడ్వర్డ్ చౌన్సీ బాల్డ్విన్ అను క్రైస్తవ ఆచార్యుడు, తన యూదు విద్యార్థులకు తమ గ్రంథములే తెలియకుండుట చూచి చింతించి, వారి పెద్దలను హెచ్చరించెను. దాని ఫలితముగా 1923లో బెంజమిన్ ఫ్రాంకెల్ అను యువక రబ్బీ ఆ విద్యార్థులకొరకు ఒక నెలవు నేర్పరచెను. ప్రాచీన గురువైన హిల్లేలు పేరు దానికి పెట్టిరి. విశ్రాంతి దినపు భోజనము, పండుగ కూడిక, శాస్త్రపాఠము, ఒంటరియైనవానికి మాటసాయము - ఇంతియే దాని కార్యక్రమము. తరువాత బ్నై బ్రిత్ అను యూదుల సంఘము దానిని చేపట్టగా, అది దేశదేశముల విశ్వవిద్యాలయములకు వ్యాపించెను. ఇందు మనము గమనింపవలసినది ఒకటి. ఆ మహావృక్షమునకు విత్తు వేసినవాడు పరమతస్థుడు. తన మతములోనికి రమ్మని పిలువలేదు. మీ ధర్మమును మీరు తెలిసికొనుడని చెప్పెను. ఇరుగుపొరుగు ధర్మమనగా అది.

మన తెలుగు యూదు విద్యార్థికి అమెరికా విద్యార్థికి లేని చిక్కు ఇంకొకటి కలదు. అది ధ్రువపత్రపు చిక్కు. 1950నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులపు హక్కు మొదట హిందువులకు, 1956నుండి సిక్కులకు, 1990నుండి బౌద్ధులకు మాత్రమే చెల్లును. క్రైస్తవమతమున చేరినవారిని మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో సి వర్గముగా ఎంచిరి. యూదుమతమును బహిరంగముగా స్వీకరించిన మాదిగ బిడ్డకు ఈ ఉత్తరువుల అక్షరార్థమును బట్టి ఇటును చోటు లేదు, అటును చోటు లేదు. పోనీ, అల్పసంఖ్యాక మతస్థుల విద్యార్థివేతనము వచ్చునా యన్నచో, కేంద్ర ప్రభుత్వపు జాబితాలో ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పారసీకులు, 2014నుండి జైనులు ఉన్నారు గాని యూదులు లేరు. మహారాష్ట్ర ప్రభుత్వము 2016లోను, గుజరాతు ప్రభుత్వము 2018లోను తమ తమ రాష్ట్రములలో యూదులకు అల్పసంఖ్యాకులుగా గుర్తింపు నిచ్చినవి. కూలివాని కొడుకునకు కళాశాల జీతము కట్టుట వేతనముపై ఆధారపడియుండును. కావున కాగితముమీద ఏ మతము వ్రాయవలెనను ప్రశ్న అతనికి తర్కవిషయము కాదు. చదువు సాగునా, ఆగునా అను ప్రశ్న. ఆకలికిని ఆత్మగౌరవమునకును నడుమ పదునెనిమిదేండ్ల బిడ్డను నిలువబెట్టి ఎన్నుకొమ్మనుట న్యాయము కాదు.

ఇట్టి స్థితిలో ఇశ్రాయేలు దేశమునకు పోవుటయే గతి యని కొందరు యువకులకు తోచుట సహజము. పోదలచినవానిని ఆపుమని నేను చెప్పను. కాని వలసకు మాత్రమే సిద్ధపరచు చదువు సమాజమును నిలుపజాలదనుటకు మన దేశముననే సాక్ష్యమున్నది. కొచ్చిన్‌లో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరము నేటికిని చూడముచ్చటగా నున్నది. 1948లో ఇశ్రాయేలు ఏర్పడిన పిమ్మట అచ్చటి యూదులు తండోపతండములుగా తరలిపోగా, దీపములు మిగిలినవి గాని వెలిగించువారు అరుదైరి. కలకత్తాలో 1881లో యూదుల బాలికా పాఠశాల వెలసెను. సమాజమువారు విదేశములకు పోగా ఆ పాఠశాల మూతపడలేదు. నేడు అందు చదువు బాలికలు దాదాపుగ అందరును ముస్లిములే. యూదులు కట్టిన బడిలో ముస్లిము బాలికలు చదువుకొనుట మన దేశమునకే అలంకారము. అయినను ఆ బడి కట్టినవారి బిడ్డలు అందులో లేకపోవుట ఒక హెచ్చరిక.

కాబట్టి కొత్తరెడ్డిపాలెపు పెద్దలకు ముందున్న పని రెండు విధములది. ఒకటి, తమ బిడ్డలకు హెబ్రీ ప్రార్థనతోపాటు ఈ నేలమీద తలయెత్తి బ్రతుకుటకు వలయు చదువు చెప్పించుట. రెండవది, పట్టణమునకు పోయిన విద్యార్థిని మరువకుండుట: పండుగకు పిలుచుట, ఇతర పల్లెలలోని తోడివారితో కలుపుట, సంవత్సరమున కొన్ని దినములైనను మందిరమున వారిచేతనే పాఠము చెప్పించుట. చెప్పినవానికి పాఠము రెండు మారులు వచ్చును. కెహిమ్కర్ బొంబాయిలో ఈ రెంటిని కలిపెను కనుకనే అతని సమాజము నిలిచినది.

ఇరుగుపొరుగు గ్రామముల పెద్దలమగు మనము చేయదగినవియు కలవు. అందు వేనికిని ధనవ్యయము లేదు. శనివారము పనికి రాని కూలివానిని సోమరి యనక, ఆదివారము పనిలోనికి పిలువవచ్చును. మిరప కల్లము ఒక్క దినము తేడాతో చెడిపోదు. శనివారపు పరీక్షను మరియొక దినమునకు మార్చుమని విద్యార్థి దరఖాస్తు పెట్టినచో, పాఠశాల సంఘములలో నున్న పెద్దలు ఒక మంచి మాట చెప్పవచ్చును. ధ్రువపత్రముల విషయమున బిడ్డను కచ్చేరి చుట్టు త్రిప్పక, ఉన్న న్యాయమును తెలిపి చేతనైన సాయము చేయవచ్చును. మహారాష్ట్రవలె మన రాష్ట్రమునను యూదులకు గుర్తింపు నిమ్మని ప్రభుత్వమునకు మహజరు పంపవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, వారి వంశకథను గూర్చి రచ్చబండపై పరిహాసము చేయకుండుట. ఎవరి కథను వారు గౌరవముగ చెప్పుకొను స్వేచ్ఛయే సభ్యతకు మొదటి మెట్టు.

పెద్దలారా, ఎఫ్రాయిము గోత్రము నిజముగా కృష్ణాతీరమునకు వచ్చెనా, లేదా యను ప్రశ్నకు జవాబు మనకు దొరకకపోవచ్చును. పస్కా రాత్రి ఆ పల్లెలో ఒక చిన్న బిడ్డ లేచి ప్రశ్న అడుగునా, దానికి బదులు చెప్పుటకు చదువుకొన్న అన్నయో అక్కయో ప్రక్కనుండునా అను ప్రశ్నకు జవాబు మాత్రము రాబోవు యేండ్లలో తేలును. ఆ జవాబులో కొంత భాగము వారి చేతిలో నున్నది. కొంత భాగము పొరుగువారమగు మన చేతిలోను ఉన్నది.